ఎమర్జెన్సీ డ్యూటీ రోస్టర్‌కి సింపై: క్యూలు అది చూసుకుంటుంది, షిఫ్టులు మీరే చూసుకోవాలి

సింపై ఉచితంగా దొరికే పైథాన్ లైబ్రరీ, లైసెన్సు ఎంఐటీ. మనుషులో వస్తువులో వరసలో నిలబడే ఏ వ్యవస్థనైనా కంప్యూటర్లో నడిపి చూడటానికి (దీన్నే సిమ్యులేషన్ అంటారు) 2002 నుంచి వాడుకలో ఉంది. ఇక్కడ దాన్ని ఒకే ఒక్క పనికి తూచి చూస్తున్నాం: ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఏ గంటకు ఎంతమంది డాక్టర్లు ఉండాలి, ఏ షిఫ్టు ఎప్పుడు మొదలవ్వాలి అన్నది తేల్చడానికి పనికొస్తుందా లేదా అని.

పనికొస్తుంది. అయితే తెచ్చి బిగిస్తే నడిచిపోయే వస్తువు కాదిది. సింపై ఇచ్చేవి ఒక గడియారం, కొన్ని రకాల క్యూలు, అంతే. ట్రయాజ్ (తీవ్రతను బట్టి రోగులను వర్గాలుగా విడదీయడం), బెడ్లు, హ్యాండోవర్ (షిఫ్టు మారేటప్పుడు రోగులను తర్వాతి డాక్టరుకి అప్పగించడం), ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూపు, విసిగి లేచి వెళ్లిపోయే రోగి, ఇవన్నీ రాసుకునే బాధ్యత మనదే. పైథాన్ వచ్చిన మనిషి, రాత్రి డ్యూటీలు నడిపిన మనిషి ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటేనే ఈ పని ముందుకు సాగుతుంది. ఇద్దరిలో ఒక్కరే ఉంటే ఈ సమీక్ష చివర చెప్పిన వేరే దారులు చూసుకోవడం నయం.

అసలు సిమ్యులేషన్ దాకా వెళ్లాలా?

చాలాసార్లు అక్కర్లేదు. "ఉన్న డాక్టర్ గంటలనే రోజులో ఎలా సర్దాలి" అన్నది మాత్రమే ప్రశ్న అయితే, గంట గంటకూ రోగుల రాక తీసుకుని స్ప్రెడ్‌షీటులో క్యూ సూత్రం వేసినా మంచి జవాబే వస్తుంది. పరిశోధకురాలు లిండా గ్రీన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ దారిలోనే నడిచింది. వారానికి సగటున 12 డాక్టర్ గంటలు మాత్రమే పెంచి, షిఫ్టులను రాకపోకల తీరుకి తగ్గట్టు జరిపితే, రోగుల సంఖ్య పెరిగినా చూపించుకోకుండా వెళ్లిపోయేవాళ్ల వంతు ఐదో వంతుకు పైగా తగ్గింది. అక్కడ వాడినది క్యూ సిద్ధాంతం, సిమ్యులేషన్ కాదు.

ఆ లెక్కలోని అసలు పాఠం ఆలస్యం గురించి. రోగుల రాక పొద్దున పది, పదకొండుకి తారస్థాయికి చేరితే, విభాగంలో ఉన్న జనం తారస్థాయికి చేరేది మధ్యాహ్నం దాటాక. వచ్చినవాళ్లు ఒక గంటలో వెళ్లిపోరు కదా. రాక గ్రాఫు చూసి షిఫ్టు పెడితే డాక్టరు ముందే వచ్చి కూర్చుంటాడు, రద్దీ పెరిగే వేళకి ఇంటికెళ్లిపోతాడు.

సింపై అవసరం మొదలయ్యేది బెడ్డు, డాక్టరు, ల్యాబ్, పై వార్డు ఒకదానికొకటి ముడిపడ్డ చోట. డాక్టరు ఖాళీగానే ఉన్నాడు, రోగిని పడుకోబెట్టడానికి బెడ్డు లేదు. బెడ్డు ఖాళీ ఎందుకు లేదంటే దాని మీద అడ్మిషన్ రాసిన రోగి పై వార్డులో చోటు కోసం ఆరు గంటలుగా ఉన్నాడు. ఇలాంటి ముడిని ఏ సూత్రమూ విప్పదు.

ఏది బాగుంది

ఒక్కో రోగి ప్రయాణాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక కథలా రాయొచ్చు. సింపైలో ప్రతి రోగీ ఒక ప్రాసెస్, అంటే పైథాన్ జనరేటర్ ఫంక్షన్ (కరెంటు పోతే వేసేది కాదు, మధ్యలో ఆగి మళ్లీ అక్కడి నుంచే సాగే కోడు). వచ్చాడు, ట్రయాజ్ నర్సు కోసం ఆగాడు, నాలుగు నిమిషాలు పట్టింది, బెడ్డు కోసం ఆగాడు, డాక్టరు చూశాడు, రక్తం ఇచ్చాడు, రిపోర్టు వచ్చింది, డాక్టరు మళ్లీ చూశాడు, ఇంటికో వార్డుకో వెళ్లాడు. కోడు కూడా ఇదే వరసలో ఉంటుంది. ప్రోగ్రామింగ్ రాని సీనియర్ నర్సుకి ఆ ఫంక్షన్ చదివి వినిపిస్తే "ఇక్కడ ఈసీజీ మర్చిపోయారు" అని చెప్పగలదు. బొమ్మలు లాగి పెట్టే ఖరీదైన సాఫ్ట్‌వేర్లలో ఇదే తర్కం యాభై డబ్బాల వెనక దాక్కుంటుంది.

సమయానికి ప్రమాణం ఉండదు, గడియారం ఉత్త సంఖ్య. నిమిషాలని మొదటే నిర్ణయించుకుని ఫైలు పైన రాసిపెట్టండి. ల్యాబ్ సమయాలు గంటల్లో, పరీక్ష సమయాలు నిమిషాల్లో కలిసిపోతే సింపై కిమ్మనదు.

డాక్టరు, బెడ్డు లాంటి ఇన్నే ఉన్నాయనే వాటిని సింపై రిసోర్స్ అంటుంది. ప్రాధాన్యం ఉన్న క్యూకి ప్రయారిటీరిసోర్స్ ఉంది. చిన్న అంకెకు ముందు చోటు. ఐదు అంచెల ట్రయాజ్ పద్ధతుల్లో ఒకటో అంచె అత్యంత తీవ్రం కాబట్టి ఇది నేరుగా అతికిపోతుంది. అయితే ఆ ప్రాధాన్యం ఒకసారి క్యూలో నిలబడ్డాక మారదు. అంచెలను రంగులతో చెప్పే మాంచెస్టర్ ట్రయాజ్‌లో పసుపు రోగిని 60 నిమిషాల్లో, ఆకుపచ్చ రోగిని 120 నిమిషాల్లో చూడాలి. 115 నిమిషాలు ఆగిన ఆకుపచ్చ రోగి ముందు ఇప్పుడే వచ్చిన పసుపు రోగి దూరిపోతాడా? అనుభవమున్న డాక్టరు అలా చేయడు, ప్రయారిటీరిసోర్స్ చేస్తుంది. ఫలితం ఏమిటంటే రద్దీ రోజుల్లో మోడల్లోని నాలుగు, ఐదు అంచెల రోగులు నిజంలో కంటే చాలా ఎక్కువసేపు మగ్గిపోతారు. ఆ పొడవైన నిరీక్షణలు చూసి "ఇంకో డాక్టరు కావాలి" అని రాసేస్తే పప్పులో కాలేసినట్టే.

విసిగి వెళ్లిపోయే రోగిని రాయడం తేలిక. డాక్టరు కోసం పెట్టిన రిక్వెస్టునీ, రోగి ఓపిక అంత టైమవుట్‌నీ (ఇంతసేపు ఆగు అనే ఆదేశం) "ఇది లేదా అది" అని కలిపి యీల్డ్ చేస్తే, అంటే రెండిట్లో ఒకటి జరిగేదాకా ఆగమని రాస్తే చాలు. రిక్వెస్టుని విత్ బ్లాకులో (పని ముగిశాక తనే సర్దేసే పైథాన్ కట్టడం) పెడితే, ఓపిక ముందు చచ్చినప్పుడు అది తనంతట తానే రద్దవుతుంది. విత్ లేకుండా రాసి రద్దు చేయడం మరిస్తే, వెళ్లిపోయిన రోగి వంతు వచ్చాక డాక్టరు ఆ లేని మనిషికి అతుక్కుపోయి ఇక ఎప్పటికీ విడుదల కాడు. రన్ మధ్యలో నిరీక్షణ ఉన్నట్టుండి ఆకాశానికి ఎగబాకితే మొదట వెతకాల్సిన తప్పు ఇదే.

వేగం గురించి భయపడనక్కర్లేదు. రోజుకు 150 మంది, నెల రోజులు అంటే 4,500 మంది. ఒక్కొక్కరికి ఇరవై ఘటనలు వేసుకున్నా 90,000. మామూలు ల్యాప్‌టాప్ కొన్ని సెకన్లలో ముగిస్తుంది. ఒక్కో రన్‌కీ సొంత ఎన్విరాన్‌మెంట్ (సొంత గడియారం ఉన్న విడి ప్రపంచం) ఉంటుంది కాబట్టి నాలుగు కోర్లలో నాలుగు రన్‌లు ఒకేసారి పెట్టడమూ సులువే.

షిఫ్టుల దగ్గర చిక్కు

రోస్టర్ తేల్చడానికే ఈ పనంతా. సింపైలో లేనిది సరిగ్గా అదే. రిసోర్స్‌కి కెపాసిటీ (ఒకేసారి ఎంతమందిని చూడగలదన్న అంకె) మొదట్లో ఎంత ఇస్తే చివరిదాకా అంతే. పొద్దున ముగ్గురు, సాయంత్రం ఐదుగురు, రాత్రి ఇద్దరు అని రాసే చోటు లేదు.

దీనికి జనం మూడు ఉపాయాలు వాడతారు. లోపలి కెపాసిటీ అంకెను బలవంతంగా మార్చడం ఒకటి. పని చేసినట్టే కనిపిస్తుంది గానీ, కెపాసిటీ పెంచిన క్షణంలో క్యూలో ఉన్నవాళ్లు కదలరు, తర్వాత ఎవరో రిసోర్స్‌ని అడిగినప్పుడో వదిలినప్పుడో గానీ కదలిక రాదు. దీని జోలికి పోకండి. రెండోది, కెపాసిటీ గరిష్ఠంగా పెట్టి, డ్యూటీలో లేని డాక్టర్లను ఉత్తుత్తి రోగులతో నింపడం. ఆ ఉత్తుత్తి రోగికి అందరికంటే ముందు ప్రాధాన్యం, ఉదాహరణకు మైనస్ 100 ఇస్తే, షిఫ్టు అయిపోయిన వేళకి ఎవరు ముందు ఖాళీ అయితే ఆ డాక్టరు బయటికి పోతాడు. చేతిలో ఉన్న రోగిని ముగించే వెళ్తాడు కాబట్టి ఇది నిజానికి దగ్గరగానే ఉంటుంది. డాక్టర్లందరూ ఒకటే, ఎవరు చూసినా ఒకటే అనుకునే తొలి మోడల్‌కి ఇది చాలు.

కానీ ఎమర్జెన్సీలో డాక్టర్లు ఒకటి కాదు. రోగిని మొదట చూసిన డాక్టరే రిపోర్టులు వచ్చాక మళ్లీ చూడాలి. షిఫ్టు చివరి గంటలో కొత్త రోగిని ముట్టుకోరు, ఉన్నవాళ్లను సర్దుకుంటారు. అందుకే మూడో ఉపాయం: డాక్టరును రిసోర్స్‌గా కాకుండా ప్రాసెస్‌గా రాయడం. రోగులు ఒక ప్రయారిటీస్టోర్‌లోకి (ప్రాధాన్యం ప్రకారం వరస పెట్టే నిల్వ) వెళ్తారు. డాక్టరు డ్యూటీకి వస్తాడు, స్టోర్ నుంచి ఒక రోగిని తీసుకుంటాడు, చూస్తాడు, మళ్లీ తీసుకుంటాడు, సమయం కాగానే ఆపేస్తాడు. ఇలా తిప్పి రాస్తే షిఫ్టు, హ్యాండోవర్, చివరి గంట అన్నీ సహజంగా వచ్చి కూర్చుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తొలిరోజు నుంచే ఈ పద్ధతిలో రాస్తే తర్వాత తిరగరాసే బాధ తప్పుతుంది.

ఈ పద్ధతిలో కాలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి. డాక్టర్లను స్టోర్‌లో పెట్టి రోగులు వాళ్లను తీసుకునేలా తలకిందులుగా రాయకండి. ప్రయారిటీస్టోర్ లోపలున్న వస్తువులకు వరస ఇస్తుంది గానీ అడిగేవాళ్లకు ఇవ్వదు. అడిగేవాళ్లకు ఎప్పుడూ ముందొచ్చినవారికి ముందే, అంటే గుండెపోటు రోగి బెణుకు రోగి వెనక నిలబడతాడు. ఇక ఒకే అంచెలో ఇద్దరు రోగులుంటే ముందొచ్చినవాడే ముందు వస్తాడన్న హామీ ఈ స్టోర్ ఇవ్వదు. ప్రాధాన్యాన్ని ఉత్త అంచెగా కాకుండా అంచె, వచ్చిన వరస సంఖ్య కలిపిన జంటగా ఇవ్వాలి.

అన్నిటికంటే దొంగ తప్పు షిఫ్టు చివర్లో దొర్లుతుంది. డాక్టరు రోగి కోసం స్టోర్ దగ్గర ఎదురుచూస్తుండగా సమయం అయిపోయింది, ఇంటికెళ్లాడు. స్టోర్‌లో పెట్టిన అతని అడుగుడు మాత్రం అక్కడే ఉంది. తర్వాత వచ్చిన రోగి ఆ లేని డాక్టరు చేతికి పోతాడు, మోడల్లోంచి మాయమవుతాడు. ఎర్రర్ రాదు. రోజుకు ఒకరిద్దరు తగ్గుతారు, అంతే. వెళ్లేముందు ఆ అడుగుడిని రద్దు చేయాలి. సరిగ్గా అదే క్షణంలో రోగి చేతికొచ్చి ఉంటే రద్దు పనిచేయదు కాబట్టి, అది ఇప్పటికే జరిగిందా అని చూసి, జరిగితే ఆ రోగిని తిరిగి స్టోర్‌లో పెట్టాలి. ప్రతి రన్ చివరా వచ్చినవాళ్ల సంఖ్య, వెళ్లినవాళ్లు, విసిగిపోయినవాళ్లు, ఇంకా లోపలున్నవాళ్లు కలిపిన మొత్తంతో సరిపోవాలి. లోపలున్నవాళ్లను తీసివేతతో తెచ్చుకుంటే లెక్క ఎప్పుడూ సరిపోతుంది, తప్పు ఎప్పటికీ దొరకదు. బెడ్ల మీద, క్యూల్లో, ల్యాబ్ దగ్గర ఉన్నవాళ్లను విడిగా లెక్కపెట్టండి. ఈ తనిఖీ లేని మోడల్ ఫలితాన్ని నమ్మొద్దు.

విసిగి వెళ్లే రోగిని ఈ పద్ధతిలో స్టోర్ మధ్యలోంచి పీకడం కష్టం. పీకొద్దు. "వెళ్లిపోయాడు" అని గుర్తు పెట్టి వదిలేయండి, డాక్టరు చేతికొచ్చినప్పుడు గుర్తు చూసి పక్కనపెట్టి తర్వాతివారిని తీసుకుంటాడు.

డాక్టరు కొత్త రోగుల క్యూతోపాటు తన పాత రోగుల రిపోర్టులను కూడా చూసుకోవాలంటే స్టోర్లు ఇరుకవుతాయి. అప్పుడు మామూలు పైథాన్ లిస్టులు, "పని వచ్చింది" అని గంటలా మోగే ఒక ఈవెంట్ పెట్టుకోవడం మేలు. ఈవెంట్ మోగగానే డాక్టరు లిస్టులు చూసి తన నియమం ప్రకారం ఎంచుకుంటాడు. ఇందాక చెప్పిన 115 నిమిషాల ఆకుపచ్చ రోగి సమస్య కూడా ఇక్కడే తీరిపోతుంది, ఎందుకంటే ఎంచుకునే నియమం ఇప్పుడు మీ చేతిలోది. ఒక ఈవెంట్ ఒక్కసారే మోగుతుందని మాత్రం గుర్తుంచుకోండి. మోగిన దాన్ని మళ్లీ మోగిస్తే సింపై ఎర్రర్ ఇస్తుంది, ప్రతిసారీ కొత్తది తయారు చేసుకోవాలి.

నర్సులను క్యూగా రాయడంలో మాత్రం పెద్దగా ప్రయోజనం కనబడదు. నర్సుకు పనులు కాదు, బెడ్లు అప్పగిస్తారు. నలుగురికి ఒకరు అన్న లెక్క నడిచే చోట ఒక నర్సు తగ్గితే నాలుగు బెడ్లు మూసినట్టు రాయడమే నిజానికి దగ్గర.

సింపై పట్టించుకోని తప్పులు

యీల్డ్ అనే మాట ఒక్కటి మరిస్తే టైమవుట్ జరగదు. పరీక్షకు పదిహేను నిమిషాలని రాసి ఉంటుంది, గడియారం మాత్రం కదలదు. ఒక ప్రాసెస్‌ని నమోదు చేయకుండా ఉత్తినే పిలిస్తే అదీ ఏమీ చేయదు. రెండిటికీ హెచ్చరిక ఉండదు. ఒక రోగి బెడ్డు పట్టుకుని రీససిటేషన్ గది (ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను చూసే గది) కోసం, మరొకరు ఆ గది పట్టుకుని బెడ్డు కోసం ఆగితే ఇద్దరూ అక్కడే శిలలైపోతారు, సింపై మిగతా రన్‌ని ప్రశాంతంగా ముగిస్తుంది.

కాబట్టి ఎమర్జెన్సీ మోడల్ రాసేముందు జవాబు ముందే తెలిసిన చిన్న లెక్కతో కోడును పరీక్షించండి. ఒక్క డాక్టరు, గంటకు నలుగురి రాక, గంటకు ఐదుగురిని చూసే వేగం, రెండిటి వ్యవధులూ ఎక్స్‌పోనెన్షియల్ (చిన్న వ్యవధులు ఎక్కువగా, పెద్దవి అరుదుగా వచ్చే తీరు). క్యూలో సగటు నిరీక్షణ 48 నిమిషాలు, మొత్తం గడిపే సమయం 60 నిమిషాలు, లోపల సగటున నలుగురు రావాలి. ఒక రోజు నడిపితే రాదు, వేల గంటలు నడపాలి. ఇదే లెక్కలో రాకను పెంచి డాక్టరు పనిలో ఉండే వంతును 80 నుంచి 90 శాతానికి తీసుకెళ్తే లోపలి జనం నలుగురి నుంచి తొమ్మిది మందికి, 95కి తీసుకెళ్తే 19 మందికి చేరతారు. "డాక్టర్లు పది శాతం ఖాళీగా ఉన్నారు, ఒకరిని తీసేద్దాం" అనే మేనేజరుకి చూపించదగిన అంకెలివి.

డేటాలో ఉన్న సమయం డాక్టరు సమయం కాదు

ఇది సింపై లోపం కాదు, కానీ దీనివల్ల పాడైన మోడళ్లే ఎక్కువ. ఆసుపత్రి కంప్యూటర్ ఇచ్చేది డాక్టరు చూడటం మొదలుపెట్టిన సమయం, డిశ్చార్జో అడ్మిషనో నిర్ణయించిన సమయం. రెండిటి మధ్య మూడు గంటలు ఉండొచ్చు. ఆ మూడు గంటలూ డాక్టరును పట్టి ఉంచితే, మోడల్ డజను మంది డాక్టర్లు కావాలంటుంది. నిజానికి ఆ మూడు గంటల్లో డాక్టరు ఆ రోగి దగ్గర గడిపేది కొన్ని ముక్కలే: మొదటి పరీక్ష, కేసు షీటు రాయడం, రిపోర్టులు చూడటం, బంధువులతో మాట, ఫోన్లో స్పెషలిస్టు, డిశ్చార్జి కాగితం. ఈ ముక్కలు కంప్యూటర్లో ఉండవు. ఎవరో ఒకరు గడియారం పట్టుకుని పగలు కొన్ని షిఫ్టులు, రాత్రి కొన్ని షిఫ్టులు డాక్టరు వెనక తిరిగి, అంచెలవారీగా రాసుకోవాలి. చిన్న కేసులూ పెద్ద కేసులూ కలిపి ఒక్క సగటు తీయకండి. ఈ సమయాలు కుడివైపు పొడవైన తోకతో ఉంటాయి కాబట్టి నార్మల్ వక్రం కుదరదు, లాగ్‌నార్మల్ చాలావరకు సరిపోతుంది.

ముక్కల మధ్య ఖాళీల్లో డాక్టరు విడుదలవుతాడు, బెడ్డు మాత్రం రోగి దగ్గరే ఉంటుంది. ఈ ఒక్క తేడాతో మోడల్ జాతకం మారిపోతుంది. దీంతోపాటు ఒక డాక్టరు ఒకేసారి ఎంతమందిని మోయగలడన్న హద్దు కూడా పెట్టాలి. హద్దు లేకపోతే మోడల్లోని డాక్టరు నలభై మందిని సగం సగం చూసి తిప్పుతూనే ఉంటాడు.

పై వార్డు కోసం ఆగే రోగులను వదిలేయడం రెండో పెద్ద తప్పు. వార్డు డిశ్చార్జిలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత జరిగే ఆసుపత్రిలో, పొద్దున అడ్మిషన్ రాసిన రోగి సాయంత్రం దాకా ఎమర్జెన్సీ బెడ్డు మీదే ఉంటాడు. ఈ ఆగే సమయాన్ని నిర్ణయం జరిగిన గంటను బట్టి వేర్వేరుగా తీసుకోవాలి. వదిలేస్తే మోడల్ ప్రతి సమస్యకూ డాక్టరునే మందుగా రాస్తుంది. ఇంకా ఘోరం, సగటు కుదరడం కోసం పరీక్ష సమయాలను సాగదీసి కుదిర్చేవాళ్లున్నారు. అప్పుడు సగటు సరిపోతుంది, రోస్టర్ తప్పుతుంది.

రాక విషయంలో ఒక్క జాగ్రత్త. వారంలో 168 గంటలకు 168 రేట్లు తీసుకోండి. కానీ ఇప్పటి గంట రేటుతోనే తర్వాతి రోగి వచ్చే వ్యవధిని తీయకండి. తెల్లవారుజామున గంటకు ఒకరు చొప్పున వస్తుంటే, ఆ రేటుతో తీసిన వ్యవధి వందలో ఐదుసార్లు మూడు గంటలు దాటుతుంది, పొద్దున పెరిగే రద్దీని ఆ గెంతు మింగేస్తుంది. లూయిస్, షెడ్లర్ 1979లో ఇచ్చిన థిన్నింగ్ పద్ధతి వాడండి: అన్నిటికంటే ఎక్కువ రేటుతో రోగులను పుట్టించి, ఒక్కొక్కరినీ ఆ క్షణపు రేటును గరిష్ఠ రేటుతో భాగించిన వంతు చొప్పున ఉంచడమో వదిలేయడమో చేయండి. కోడు ఐదారు లైన్లే.

రోస్టర్లను పోల్చడం

సింపై గణాంకాలేవీ తనంతట సేకరించదు. ప్రతి రోగికీ ప్రతి ఘట్టం సమయాన్ని మీరే ఒక వరసగా రాసుకోవాలి. రోగి వెళ్లిపోయేటప్పుడు మాత్రమే రాస్తే, రన్ ఆగే వేళకి ఇంకా లోపలున్నవాళ్లు లెక్కలోకి రారు. లోపల మిగిలేది ఎక్కువసేపు ఆగినవాళ్లే కాబట్టి మీ రోస్టర్ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ఎమర్జెన్సీ ఎప్పుడూ ఖాళీగా మొదలవదు, మోడల్ మాత్రం ఖాళీగా మొదలవుతుంది. మొదటి వారం పారేయండి, ఆ తర్వాత నాలుగు వారాలు లెక్కపెట్టండి. అర్ధరాత్రి జనం సంఖ్య ఒక వారం తర్వాత కూడా రోజురోజుకీ పెరుగుతూ ఉంటే, సిబ్బందే చాలడం లేదని అర్థం. అక్కడ సగటు నిరీక్షణ అనే అంకెకు విలువ లేదు.

రెండు రోస్టర్లను పోల్చేటప్పుడు రెండిటికీ అవే రోగులు రావాలి. దీనికి తేలికైన దారి: రోగి పుట్టిన క్షణంలోనే అతని ట్రయాజ్ అంచె, పరీక్షకు పట్టే నిమిషాలు, ల్యాబ్ అవసరమా కాదా, ఓపిక ఎంత, అన్నీ తీసి అతని మీదే రాసిపెట్టడం. మధ్యలో ఎక్కడికక్కడ యాదృచ్ఛిక సంఖ్యలు తీస్తే, షిఫ్టు ఒక గంట జరిపినంత మాత్రాన వరసంతా చెదిరి, వేరే ఊరి రోగులతో పోల్చినట్టవుతుంది. ముప్పై రన్‌లతో మొదలుపెట్టి, జంట జంటగా తేడా తీసి, ఆ తేడా చుట్టూ విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల పరిధి) చూడండి. అందులో సున్నా ఉంటే రన్‌లు పెంచండి. అప్పటికీ ఉంటే ఆ రెండు రోస్టర్లలో డాక్టర్లకు ఏది ఇష్టమో అదే ఇచ్చేయొచ్చు.

సగటు చూడకండి. అంచెలవారీగా డాక్టరు దగ్గరికి చేరే సమయంలో 90వ శతాంశం (పదిమందిలో తొమ్మిదిమంది అంతలోపే చేరే సమయం), విసిగి వెళ్లినవాళ్ల వంతు, గంట గంటకూ క్యూ పొడవు, ఈ మూడూ చాలు. ప్రయోగాలు కూడా చిన్నగా మొదలవ్వాలి. కొత్త డాక్టరును చేర్చే ముందు, మధ్యాహ్నపు షిఫ్టును ఒక గంట ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. పాత షిఫ్టు, కొత్త షిఫ్టు అరగంట కలిసి ఉండేలా పెట్టి చూడండి. చాలా విభాగాల్లో అందరి షిఫ్టూ ఒకేసారి మారుతుంది, ఆ వేళకి ముందు గంటలో కొత్త రోగిని ఎవరూ తీసుకోరు, క్యూ గ్రాఫులో అక్కడ ఒక మూపురం కనిపిస్తుంది. షిఫ్టు మొదళ్లను ఒకేసారి కాకుండా కాస్త కాస్త తేడాతో విడగొడితే ఆ మూపురం కరుగుతుంది, పైసా ఖర్చు లేకుండా.

యానిమేషన్ లేకపోవడం నిజమైన లోటు. తెర మీద రోగులు కదలడం చూస్తేనే నమ్మే డైరెక్టర్లు ఉంటారు. గంటవారీ జనం సంఖ్య, మోడల్‌దీ నిజానిదీ ఒకే గ్రాఫు మీద గీసి ఇన్‌ఛార్జి నర్సుకి చూపించడం దానికి కొంతవరకు బదులు. పోల్చే డేటా, మోడల్‌కి వాడని వేరే నెలది అయ్యుండాలి.

వేరే దారులు

ఆర్ భాషలో పని చేసేవాళ్లు సింపై జోలికి రాకుండా సిమ్మర్ చూడండి. గంటలవారీ కెపాసిటీ షెడ్యూలు, విసిగి వెళ్లిపోవడం, రోగుల, రిసోర్స్‌ల రికార్డు సేకరణ మూడూ అందులో ముందే ఉన్నాయి. రోస్టర్ పనికి సింపై కంటే అదే ముందు. కానీ పాత డాక్టరే మళ్లీ చూడాలి, చివరి గంటలో కొత్తవారు వద్దు వంటి నియమాలు వచ్చేసరికి దాని గొలుసుకట్టు రాత కాస్త మొండికేస్తుంది. పైథాన్‌లోనే ఉండాలంటే సివ్ అనే లైబ్రరీకి సర్వర్ షెడ్యూళ్లు తెలుసు. కోడు అసలు వద్దనుకుంటే ఉచితంగా జామ్‌సిమ్, డబ్బు పెడితే సిమ్యుల్8, అరీనా, ఎనీలాజిక్ ఉన్నాయి. ఎనీలాజిక్ ఉచిత ఎడిషన్ నేర్చుకోవడానికే, ఆసుపత్రి రోస్టర్‌కి వాడే ముందు లైసెన్సు షరతులు చదవండి.

సింపైకి రోస్టర్ పనిలో ఐదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర పోయింది షిఫ్టులకీ గణాంకాలకీ. ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి ఒక మాట: ఇంటర్నెట్‌లో పాత పాఠాలు చాలా ఉన్నాయి. యీల్డ్ పక్కన హోల్డ్, సెల్ఫ్ అని కామాలతో రాసి ఉంటే అది రెండో వెర్షన్ నాటిది, 2013లో మూడో వెర్షన్ వచ్చాక ఆ రాత చెల్లదు. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో వెర్షన్ వరస. ఏ వెర్షన్‌తో మోడల్ కట్టారో, ఏ నెల డేటా వాడారో మోడల్ ఫోల్డర్లోనే రాసిపెట్టండి, వచ్చే ఏడాది రోస్టర్ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ కోడు తెరిచేది వేరే మనిషి అయ్యుంటారు.